పేరు పక్కన ఏడు

నంద్యాల,
జూన్ 2025.

రాజరత్నం సారు గారికి,

వర్షిణి నమస్కారాలు. నిన్న అమ్మగారికి ఫోన్ చేశాను సారూ. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఫోన్లో మాటలు వింటే మీరు తికమక పడుతున్నారనీ, ఉత్తరమైతే నిదానంగా చదివి వినిపించి, మీరు చెప్పింది తాను రాస్తాననీ అన్నారు. ఉత్తరం అనగానే నాకు నవ్వొచ్చింది. మీ దగ్గర పనిచేసినన్నాళ్లూ మేం చేసింది అదే కదా. ప్రోగ్రాంలో ఇంత చిన్న మార్పు చేసినా మీకు కాగితం మీద ఉత్తరం రాసివ్వాలి. ఏం మార్చామో ఒక్క వరుస, ఎందుకు మార్చామో మిగతా పేజీ అంతా. "ఎందుకో రాయలేనోళ్లు దాన్ని ముట్టుకోవద్దు" అని తిప్పి పంపేవారు. నా మొదటి ఉత్తరం ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో లెక్క లేదు. అప్పట్లో మిమ్మల్ని మనసులో చాలా తిట్టుకున్నాను. ఇప్పుడు మీరేమీ చేయలేరు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మీరు మానేశాక డయాలసిస్ వంతుల ప్రోగ్రాం నాకు అప్పగించారు. ఆళ్లగడ్డలోనూ ఇంకో మూడు ఊళ్లలోనూ ట్రస్టు వాళ్ల కేంద్రాల్లో, కిడ్నీలు పాడైన వాళ్లకు ఏ రోజు, ఏ పూట, ఏ మిషన్ అని చెప్పేది అదే. అది తప్పు చెప్తే ఒక మనిషి ఒంట్లో నీళ్లు నిండిపోతాయి. ఈ మాట మీ దగ్గర ఎన్నిసార్లు విన్నామో.

ఆఫీసులో ఇప్పుడు పవన్ పెద్ద. ఏఐ తెప్పించాడు. మనకేం కావాలో మామూలు మాటల్లో అడిగితే అదే కోడ్ రాసి చేతిలో పెడుతుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగానే రాస్తుంది. నెల పని మధ్యాహ్నం భోజనాలకు ముందే అయిపోతోంది. కానీ అది రాసింది ఎవరూ చదవడం లేదు సారూ. ఒకటి చదివేలోపు ఇంకొకటి తయారై కూర్చుంటోంది. ఉత్తరాల పద్ధతి మీతోనే పోయింది. సాయి ప్రియ అని కొత్తమ్మాయి వచ్చింది, చురుకైన పిల్ల. తాను నిన్న పెట్టిన కోడ్ ఏం చేస్తుందని అడిగితే, "ఉండక్కా, దాన్నే అడిగి చెప్తా" అంటుంది.

మేమంతా మీకు రాశాం గానీ మీరు ఎవరికీ రాయలేదు. మీ పైన ఎవరున్నారని రాస్తారు. అందుకే మీ కోడ్ ఏం చేస్తుందో తెలుస్తోంది గానీ, ఎందుకు చేస్తుందో తెలియడం లేదు. ఒకటి అడుగుతాను. వంతుకు మనిషి రాకపోతే, ఆ మిషన్ ఇంకొకరికి ఇచ్చే ముందు మీ ప్రోగ్రాం రెండు గంటలు ఆగుతుంది. అరగంట చాలని ఏఐ అంటోంది. పవన్ కూడా అదే అంటున్నాడు. రెండు గంటలు ఎందుకు పెట్టారు సారూ?

మీ శిష్యురాలు,
వర్షిణి


ఆళ్లగడ్డ,
జూన్ 2025.

అమ్మా వర్షిణీ,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ అరుణకుమారి రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో పండగే అనుకో. "ఆ పిల్ల రాసిందా, నాకే రాసిందా" అని మళ్లీ మళ్లీ అడిగారు. ఆయన కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అయింది. మధ్యలో చెమటలు పట్టాయి, తుడిచాను, "ఆగొద్దు, రాసుకో" అన్నారు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను. బళ్లో తెలుగు చెప్పిన దాన్ని, దిద్దాలని చెయ్యి పీకుతోంది గానీ దిద్దలేదు.

"కుందూ ఏటికి నీళ్లొస్తే ఆ పక్క బస్సు సక్కగా రాదు. సుట్టూ తిరిగి వస్తాది. ముసిలోళ్లు తెల్లార్తో బయల్దేరినా రెండు గంటలు లేటయితాది. పాపం వచ్చినాక, నీ మిషన్ ఇంకొకరికి ఇచ్చేసినాం పో అంటే యాడికి పోవల్ల వాళ్లు? కంప్యూటర్‌కు కుందూ తెలుసునా? అరగంటంట. ఆ పవన్‌ను ఒక తూరి ఆ బస్సు ఎక్కమను. ఇంకోటి అడుగు. అది రాసిచ్చింది నువ్వు సదువుతాండావా లేదా?"

ఇదీ ఆయన చెప్పింది. నా మాటగా ఒకటి రాస్తాను. ఈ ఇంటికి వచ్చేవాళ్లంతా ఎలా ఉన్నావని అడుగుతారు, భుజం తట్టి ప్రార్థన చేసి వెళ్తారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ ఆయనకు తెలిసిన సంగతి ఒకటి ఆయన్ని అడిగింది నువ్వొక్కదానివే. సాయంత్రం దాకా నీ కాగితం ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. వీలైతే మళ్లీ రాయమ్మా.

అరుణకుమారి


నంద్యాల,
ఆగస్టు 2025.

సారు గారికి, అమ్మగారికి నమస్కారాలు.

ఆలస్యమైంది, క్షమించండి. మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. పవన్ దాన్ని తీసుకొని మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత, "సరే, సారు రాసిన పాత కోడ్‌లో ఏదైనా తీసేయాలంటే సారు ఒప్పుకోవల్ల. ఆయన సరే అంటేనే తీద్దాం" అన్నాడు. గెలిచినట్టే అనిపించింది నాకు. మీ ఉత్తరాన్ని నా బల్ల ముందు గోడకు అంటించాను.

మీరు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. చదువుతున్నాను సారూ, కానీ అందడం లేదు. పోయిన నెల పేషెంట్లకు పోయే ఫోన్ మెసేజీలో టైము తప్పు పడింది. సాయి ప్రియ ఏఐని అడిగి సరిచేసింది. మర్నాడు మళ్లీ తప్పే. తీరా చూస్తే ఆ లెక్క నాలుగు చోట్ల ఉంది. ఎవరు అడిగినా ప్రతిసారీ అది ముందున్నది వెతక్కుండా కొత్తగా రాసిచ్చింది, మనవాళ్లు పెట్టేశారు. ఒక చోట సరిచేస్తే మిగతా మూడు చోట్ల పాతదే. వెతికి పట్టుకునేసరికి వారం గడిచింది. నేను ఎగిరితే పవన్, "ఎవరు రాస్తే ఏందీ, పని అయితాంది కదా" అన్నాడు. ఈ ప్రోగ్రాంను ఇంకో రెండేళ్ల తర్వాత విప్పి బాగుచేయాల్సి వస్తే ఎవరికి చేతనవుతుందో నాకు అర్థం కావడం లేదు. అందరం వేగంగా పోతున్నాం, ఎవరికీ దారి గుర్తులేదు.

ఇప్పటికి ఒక చిన్న ప్రశ్న. ఒక మనిషికీ ఇంకొక మనిషికీ మధ్య ప్రతి మిషన్‌కు ముప్పావు గంట ఖాళీ పెట్టారు. దాన్ని తగ్గించవచ్చా?

మీ ఆరోగ్యం రాయండి.

వర్షిణి


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 2025.

చిరంజీవి వర్షిణికి ఆశీస్సులు.

సారు బాగున్నారు. నీ ప్రశ్నకు ఆయన సమాధానం ఇది. రెండు వంతుల మధ్య విరామం మిషన్‌ను శుభ్రపరచడానికి, తదుపరి పేషెంటు భద్రతకు, సిబ్బంది సౌలభ్యానికి అవసరం. దీనిని తగ్గించడం వలన ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరగవచ్చు. కనుక ప్రస్తుత వ్యవధిని కొనసాగించడం మంచిది. మార్పు తప్పనిసరి అయితే ముందుగా సిబ్బందితో చర్చించడం శ్రేయస్కరం.

నీ ఉత్తరాలంటే ఆయనకు ప్రాణం. ఏదైనా అడగాలనుకుంటే సందేహించకు. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి.

అరుణకుమారి


నంద్యాల,
నవంబరు 2025.

సారు గారికి నమస్కారాలు.

పోయిన ఉత్తరంలో మీ భాష పుస్తకంలా ఉంది సారూ. అమ్మగారు ఈసారి చెయ్యి పీకుడు ఆపుకోలేక దిద్దేసినట్టున్నారు. అయినా చెప్పింది నిజం, ముప్పావు గంట అలాగే ఉంచాం. సిబ్బందిని అడిగితే వాళ్లూ అదే మాట అన్నారు.

ఇప్పుడు అడిగేది మాత్రం పెద్దది. ప్రోగ్రాంలో కొంతమంది పేర్ల పక్కన మీరు ఏడు అంకె వేశారు. అది ఉన్నవాళ్లను చివరి పూటకు ఎప్పుడూ పంపకూడదని కోడ్‌లో ఉంది. ఎందుకని ఎక్కడా రాసి లేదు. నేను చాలా వెతికాను. వయసు కాదు, జబ్బు కాదు, మగా ఆడా కాదు. కేంద్రాలకు కొత్త పేషెంట్లు బాగా పెరిగారు. కొత్తవాళ్లకు డాక్టరు ఉండే పొద్దుటి పూటే పెట్టాలి, ఆ పూటలేమో నిండిపోయి, చివరి పూట మిషన్లు ఖాళీగా ఉంటున్నాయి. ఏడు తీసేస్తే ఖాళీలు నిండుతాయి, కొత్తవాళ్లను చేర్చుకోవచ్చు. వాళ్లకూ అది ప్రాణమే కదా. అందుకే పవన్‌ను తప్పుపట్టలేకపోతున్నాను.

ఏఐని అడిగితే అది మొదట్లో పరీక్షల కోసం పెట్టి మరిచిపోయిన గుర్తు కావచ్చని, తీసేయవచ్చని అంటోంది. నాకు తీసేయాలని లేదు. ఏదీ ఊరికే పెట్టే మనిషి కాదు మీరు. కానీ మనసు ఒప్పడం లేదంటే పవన్ వినడు, వినాల్సిన అవసరమూ లేదు. సారు తీయమంటే తీస్తాను, వద్దంటే ఎవరు చెప్పినా తీయను అన్నాను. దానికి అందరూ ఒప్పుకున్నారు.

ఇది ఉత్తరంలో తేలేది కాదేమో. ఆదివారం బస్సెక్కి వచ్చి మీతోనే మాట్లాడనా?

వర్షిణి


ఆళ్లగడ్డ,
నవంబరు 2025.

చిరంజీవి వర్షిణికి ఆశీస్సులు.

ఇప్పుడు రావద్దమ్మా. సారుకు జలుబు చేసింది, డాక్టరు మనుషులను కలవనీయవద్దన్నారు. క్రిస్మస్ అయ్యాక చూద్దాం.

ఏడు గురించి సారు చెప్పింది ఇది. ఇటువంటి గుర్తులు సాధారణంగా ప్రారంభ పరీక్షల సమయంలో మిగిలిపోయినవి కావచ్చు. ప్రస్తుతం వాటి అవసరం కనిపించకపోతే తొలగించవచ్చు. తొలగించే ముందు మొత్తం సమాచారానికి ఒక నకలు భద్రపరచుకోవడం మంచిది. తొలగించాక కొన్ని రోజులు గమనిస్తే చాలు.

నువ్వు భయపడకు. నీ పని నువ్వు చక్కగా చేస్తున్నావని సారు అంటున్నారు.

అరుణకుమారి


నంద్యాల,
జనవరి 2026.

అమ్మగారికి,

ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. సారుకు చదివి వినిపించవద్దు.

చెన్నమ్మ అనే ఆమె చనిపోయింది. కోయిలకుంట్ల అవతల పల్లె, శనగ చేలల్లో కూలికి పోయే మనిషి. వారానికి రెండుసార్లు ఒంటరిగా మీ ఆళ్లగడ్డ కేంద్రానికి వచ్చి డయాలసిస్ చేయించుకునేది. ఆమె పేరు పక్కన ఏడు ఉండేది. డిసెంబరులో మేం దాన్ని తీసేశాం. అప్పటిదాకా పొద్దుటి పూట వచ్చే ఆమెను ప్రోగ్రాం చివరి పూటకు మార్చింది. అది అయ్యేసరికి ఆమె ఊరికి పోయే బస్సు వెళ్లిపోయి ఉంటుంది. మొదటిసారి బస్టాండులో తెల్లార్లూ కూర్చుందట. చలికాలం, రక్తం మొత్తం మిషన్‌లో తిరిగి వచ్చిన ఒళ్లు. తర్వాత ఒక వంతుకు రాలేదు. ఆ తర్వాతి వంతుకూ రాలేదు. ఊపిరి ఆడకపోతే ఆటోలో వేసుకొని బయలుదేరారు, కోయిలకుంట్ల చేరకముందే పోయింది.

కేంద్రంలో నర్సు నిర్మలమ్మతో మాట్లాడాను. ఆమె ఊరుకోలేదు. "నేను చేత్తో పొద్దుటి పూటకు మారిస్తే సాయంత్రానికి కంప్యూటర్ మళ్లీ ఎనక్కి మార్చేస్తాంది. మీకు రెండు తూర్లు కంప్లైంట్ పెట్టినా" అంది. పెట్టింది. సాయి ప్రియ ఏఐతో ఒక చోట సరిచేసింది. పూట మార్చే లెక్క ఇంకో మూడు చోట్ల ఉంది. ఆగస్టులో మీకు రాసిన కథే ఇది. ఆ కంప్లైంటు నా బల్ల దాకా రానే లేదు.

నేను ఆ పల్లెకు వెళ్లాను. చెన్నమ్మ కూతురు జానకమ్మ నన్ను కూర్చోమంది, నీళ్లిచ్చింది. "మాయమ్మ ఎవుర్నీ ఒక మాట అనింది లేదు. పూట మార్చమని అడుగు మా అంటే, కంప్యూటర్ అట్ల చెప్తాందంట, మనమేం అడుగుతాం అనింది. కంప్యూటర్ అంటే ఎవురమ్మా? నువ్వేనా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేనే అని చెప్పి ఏడ్చాను. నన్ను ఆమే ఓదార్చింది.

తిరిగి వచ్చి ఏడు ఉన్న వాళ్లందరి ఊళ్లూ చూశాను. అన్నీ సాయంత్రం దాటితే బస్సు లేని పల్లెలే. కుందూకు నీళ్లొస్తే ముసలివాళ్లు యాడికి పోవల్ల అని అడిగిన మనిషి, దీన్ని పరీక్షల్లో మిగిలిపోయిన గుర్తు అంటాడా అమ్మా? మీ ఉత్తరాన్నీ నా కంప్యూటర్‌లో ఏఐ ఇచ్చిన జవాబునూ పక్కపక్కన పెట్టి చూశాను. మాటలు కూడా దాదాపు అవే.

ఆ ఉత్తరం ఎవరు రాశారు?

వర్షిణి


ఆళ్లగడ్డ,
జనవరి 2026.

వర్షిణికి,

నేనే రాశాను. నా ఫోన్‌ను అడిగి రాశాను. ఆదివారం బడి పిల్లలకు పాఠాలు తయారు చేసుకోవడానికి మా చెల్లెలి కూతురు సిరి నా ఫోన్లో ఆ ఏఐ పెట్టిచ్చింది. సెప్టెంబరులో వచ్చిన ఉత్తరమూ అలాంటిదే. ఆయన చెప్పి రాయించింది నీ మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు ఒక్కటే.

జూలైలో ఆయనకు ఇంకోసారి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ మాటలు చాలావరకు పోయాయి, మనుషుల గుర్తూ పోయింది. నీ పేరు చెప్తే తెలియదు. నా పేరూ తెలియదు. నన్ను టీచరమ్మా అని పిలుస్తారు. ఎవరి ఇంటికో వచ్చి కూర్చున్నానని అనుకుంటారు, చీకటి పడేసరికి, "టీచరమ్మా, మా ఇంట్లో ఎదురుసూస్తాంటారు, పోతా" అని లేవబోతారు. ఎదురుచూసేది నేనే అని ఎలా చెప్పను.

ఆగస్టులో నీ ఉత్తరం వచ్చినప్పుడు చేతిలో పెట్టాను. చదవలేకపోయారు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఆఫీసుదా" అన్నారు. ఆ నెలంతా ఆయన నోట వచ్చిన అర్థమున్న మాట అదొక్కటే వర్షిణీ. ఆయనకు ఇక తెలియదని నీకు రాస్తే ఉత్తరాలు ఆగిపోతాయి. ఆయన్ని ఇంకా ఒక సంగతి తెలిసిన మనిషిగా చూసేది ఈ లోకంలో నువ్వొక్కదానివే మిగిలావు. అది కూడా పోతుందని భయపడ్డాను. మొదటిసారి ఫోన్ సరైన జవాబే చెప్పింది, నువ్వు కూడా నిజమేనన్నావు. రెండోసారి అడగడం తేలికైంది. యంత్రాల సంగతి, ఆ యంత్రానికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. నువ్వు వస్తానంటే జలుబని అబద్ధం చెప్పాను.

నీ ఉత్తరం చదివాక ఒకటి గుర్తొచ్చింది. రాయకుండా దాచితే అది ఇంకో పాపం. ఆ ప్రోగ్రాం పెట్టిన ఏడాది ఆయన పేషెంట్లతో పాటు సాయంత్రం బస్సులెక్కి వాళ్ల పల్లెలకు పోయేవారు. ఒకసారి తిరుగు బస్సు లేక మర్నాడు ఇల్లు చేరారు. మీకేం పని వాళ్ల ఊళ్లతో అని గట్టిగా పోట్లాడాను. "యా ఊరికి బస్సు లేదో సూసి రావల్ల కదా. ఆడోళ్లు చీకట్లో యాడ నిలబడతారు?" అన్నారు. నీ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. ఏడు అంటే ఆ ఊళ్లని నాకు తట్టలేదు. తట్టేదాకా ఆలోచించలేదు కూడా. కేంద్రం మా ఇంటికి నడిచిపోయే దూరం. వెళ్లి అక్కడ కూర్చున్న ఒక్క మనిషిని ఏ ఊరమ్మా అని అడిగినా సరిపోయేది.

చెన్నమ్మను నేను చూసి ఉంటాను. పొద్దున చర్చికి పోయేటప్పుడు కేంద్రం మెట్ల మీద ఆడవాళ్లు కూర్చొని ఉంటారు. వాళ్లలో ఎవరో తెలియదు.

నన్ను క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. ఆఫీసులో నిజం చెప్పు. ఆయన తప్పు చెప్పాడని మాత్రం ఎవరినీ అనుకోనివ్వకు. ఆ ఒక్కటే అడుగుతున్నాను.

అరుణకుమారి


నంద్యాల,
మార్చి 2026.

అమ్మగారికి,

ఇన్నాళ్లూ కావాలనే రాయలేదు. కోపంతో రాస్తే ఏం రాస్తానో అని భయమేసింది. ఇప్పుడు కూడా పోయిందని చెప్పను. మీరు ఆయన్ని ప్రేమించారు, దానికి చెన్నమ్మ చనిపోయింది. ఈ మాట రాయకుండా నేను మీకు ఉత్తరం రాయలేను.

నన్ను నేను కూడా వదలడం లేదు. తీసేయాలని లేదని మీకు రాశాను కదా, అంత లేనప్పుడు నిర్మలమ్మకు ఫోన్ చేసి, ఈ ఏడు ఉన్న వాళ్లు ఎవరని అడగాల్సింది. అడగలేదు. సారు ఉత్తరం ఒకటి చేతిలో ఉంటే బరువు నా మీద ఉండదనుకున్నాను. ఏఐ చెప్పిందని పవన్ నమ్మితే తప్పన్నాను, సారు చెప్పారని నేను నమ్మాను. ఇద్దరం ఒక్క మనిషిని కూడా చూడలేదు.

పవన్‌కు అంతా చెప్పాను. ట్రస్టు వాళ్లకూ వెళ్లి చెప్పాం. సారు తప్పు చెప్పారని ఎవరూ అనుకోవడం లేదు, అది మీరు మనసులోంచి తీసేయండి. పవన్ బయటకొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. "సారు ఈడ ఉన్నన్ని దినాలూ ఒక్కసారన్నా ఆ బస్సు ఎక్కలేదు నేను" అన్నాడు. ఏడు తిరిగి పెట్టాం. ఈసారి అంకె కాదు, సాయంత్రం బస్సు లేని ఊరు అని మాటల్లోనే రాశాం. ఏఐని మానలేదు, మానలేం. కానీ అది రాసింది పెట్టాలంటే, పెట్టేవాళ్లు దాన్ని చదివి ఎందుకో తమ మాటల్లో రాయాలి. ఇన్ని నెలలుగా పోగుపడ్డ కోడ్‌ను విప్పి, ఒకే పని చేసేవాటిని ఏరి ఒక్కటి చేస్తున్నాం. ఎంత విప్పినా తరగడం లేదు. ఎవరు పెట్టారంటే ఎవరికీ గుర్తులేదు.

అలా విప్పుతుంటే సారు రాసిన దాంట్లో ఇంకొకటి బయటపడింది. కొందరి పేర్ల పక్కన నాలుగు ఉంది. అది ఉన్నవాళ్లను ఇద్దరిద్దరిగా ఎప్పుడూ పక్కపక్క మిషన్ల దగ్గర పడుకోబెట్టాలి, విడదీయకూడదు. ఈసారి ఎవరి మాటా నమ్మకుండా నేనూ నిర్మలమ్మా వాళ్లందరినీ కలిశాం. చుట్టాలు కారు. ఒక ఊరివాళ్లు కారు. ఎందుకు పక్కపక్కన ఉంటున్నారో వాళ్లకే తెలియదు, మొదటి నుంచీ అంతేనంటారు. వాళ్లలో కొందరి జతవాళ్లు చనిపోయారు, ఆ పోయినవాళ్లకు తెలిసి ఉండేదేమో. పక్కపక్కన రెండు కుదరాలని కొన్ని మిషన్లు ఖాళీగా ఆపాల్సి వస్తోంది, ఆ పడకలను విడదీయకపోతే ఆళ్లగడ్డలో ఇంకో ఇద్దరిని చేర్చుకోలేమని డాక్టర్లు అంటున్నారు. ఆ ఇద్దరిలో ఒకాయన ఎజ్రా అని ఆటో డ్రైవరు, వారానికి రెండుసార్లు కర్నూలు దాకా పోయి వస్తున్నాడు, ఇక పోలేనంటున్నాడు. ఉంచితే ఆయనకు ముప్పు. తీస్తే ఎవరికి ముప్పో తెలియదు.

ఆయన్ని ఒక్కసారి అడగండి అమ్మా. ఫోన్‌ను కాదు, ఆయన్నే. ఏమంటే అది రాయండి.

వర్షిణి


ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 2026.

వర్షిణికి,

నువ్వు రాసింది పొద్దున స్నానం చేయించాక, ఆయన ముఖం తేటగా ఉన్నప్పుడు చదివి వినిపించాను. ఒక్కో వాక్యం చదివి ఆగాను. డయాలసిస్ అంటే ఏమీ అనలేదు. నాలుగు అన్నాను. ఇద్దరిద్దరు, పక్కపక్కన అన్నాను. అప్పుడు నా వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. పెదవులు కదిలాయి. నేను కదలకుండా కూర్చున్నాను.

"విడదీయొద్దు" అన్నారు.

ఎందుకు అని అడిగాను. నోరు తెరిచారు, మాట రాలేదు. మళ్లీ అడిగాను. ఎడమచేత్తో నుదురు గట్టిగా కొట్టుకున్నారు, చెయ్యి పట్టుకొని ఆపాను. తర్వాత ఏడ్చారు. పక్షవాతం వచ్చిన రోజు కూడా ఆయన ఏడవలేదు. నేను అడగడం ఆపేశాను. మర్నాడు మళ్లీ చదివాను, ఆ మర్నాడూ చదివాను. నన్ను కొత్తగా చూసి, "ఏందీ టీచరమ్మా" అన్నారు, అంతే.

ఆ మాట నీ ప్రశ్నకు జవాబుగానే అన్నారని నేను ఒట్టేసి చెప్పలేను. ఎజ్రాకు ఏం చెప్తావో, ఏం చేస్తావో నాకు తెలియదు. నిన్ను ఇలా ఒంటరిగా వదిలేయడం నాకు చాలా బాధగా ఉంది. ఆయన అన్నది ఒక్క మాట, అది రాశాను. ఎందుకో ఆయనకు రాలేదు. ఎందుకో నాకు తెలియదు.

అరుణకుమారి